మా అత్త సముద్రం

బేతంచెర్లలో ఊపిరి పీల్చుకోవడం నేర్పిస్తానంటే నవ్వనోళ్లు లేరు. ఊరి చుట్టూ బండలు కోసే మిషన్లు, పాలిష్ పట్టే మిషన్లు. ఉతికి ఆరేసిన చీర సాయంత్రానికి మళ్లా ఉతకాల్సిందే, అంత తెల్లదుమ్ము. అందరికంటే ఎక్కువ నవ్వింది మా ఆయన. "దుమ్ము లోపలికి, దుమ్ము బయటికి అని చెప్పవే, అబద్ధం లేకుండా ఉంటాది" అనేవాడు. ఆయన బండల లారీ డ్రైవరు. నవ్వితే నవ్వినాడు గానీ, ఊర్లో ఉన్న రోజు పొద్దున్నే బడి వరండా కసువు ఊడ్చి, చాపలు పరిచి పోయేది కూడా ఆయనే.

ఇప్పటికీ ఆ వరండాలోనే చెప్తాండా. వచ్చేది ఎక్కువమంది పాలిష్ ఫ్యాక్టరీల్లో బండలెత్తే ఆడోళ్లు. టైలరింగు చేసే అక్కచెల్లెళ్లు ఇద్దరు బుర్ఖాలు మడిచి కిటికీలో పెట్టి కూర్చుంటారు. రైల్వేలో చేసి రిటైరైన పెద్దాయన ఒకరు, గోడకు ఆనుకోకుండా కూర్చోలేడు, అయినా ఒక్కరోజు మానడు. వీళ్లందరికీ నేను చెప్పేది సముద్రం. కండ్లు మూసుకోండి, సముద్రాన్ని చూడండి, అల వస్తాంది, ఊపిరి తీసుకోండి, అల పోతాంది, ఊపిరి వదలండి. నేను వదలమనే దాకా ఎవరూ వదలకూడదు. ఆ విషయంలో నేను శానా గట్టి, తిడతాను కూడా. వీళ్లలో సముద్రం చూసినోళ్లు ఒకరో ఇద్దరో. చూడనోళ్లకు సముద్రం గురించి చెప్పడం చెవిటోని ముందర శంఖం ఊదడమే అని నాకూ తెలుసు. కానీ నాకు ఊపిరి అంటే ఏందో అర్థమైంది సముద్రం దగ్గరే, వేరే రకంగా చెప్పడం చేతకాలేదు.

అది నెల్లూరి పక్కన. అక్కడెవరో కొత్త ఇండ్లు కట్టుకుంటే మా ఆయన బండల లోడు తీసుకుపోయినాడు. క్లీనరు రాలేదని నన్ను ఎక్కించుకున్నాడు. నాది రాజంపేట, పెరిగింది అక్కడ, కాపురం ఈడ, సముద్రం చూసింది ఆ ఒక్కసారే. బండలు దించినాంక లారీ రోడ్డుపక్కన పెట్టి ఇద్దరం ఇసుకలోకి నడిచినాం. నేను కూర్చున్నాను. అప్పటికి యోగా కొత్తగా నేర్చుకుంటాంటి, ఊపిరి ఎట్లా తీయాలో మాస్టరు ఎన్నిసార్లు చెప్పినా ఛాతీ దగ్గరే ఆగిపోయేది. ఆడ కూర్చున్నాంక అలతో పాటు లోపలికి, అలతో పాటు బయటికి, నేనేం చేయకుండానే నడిచింది. మా ఆయన ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి నీళ్లలో నిలబడినాడు. ఒక చుక్క నాలుక మీద వేసుకుని తూ అని ఉమ్మేసినాడు.

"ఇన్ని నీళ్లు పెట్టుకుని గుక్కెడు తాగనీకి లేదు. దీనికంటే మా అమ్మ సముద్రమే నయం, నీళ్లు లేవు, మోసం లేదు" అన్నాడు.

ఆయన 'మా అమ్మ సముద్రం' అనేది ఏందో చెప్పాల. మా అత్త పుట్టినూరి పేరు చివర సముద్రం అని ఉండాది. మా దిక్కు ఇట్లాంటి ఊర్లు ఉండాయి. ఎప్పుడో ఏ రాజో చెరువు తవ్వించి, చెరువు అంటే చిన్నతనమని తన పేరు పెట్టి పక్కన సముద్రం తగిలించినాడంట. చెరువు ఎండిపోయినా ఊరోళ్లు రాజును వదిలేసి వట్టి సముద్రం అని పిలుస్తారు. నా పెండ్లయిన కొత్తల్లో మా అత్త గుడ్డసంచి సర్దుకుని "సముద్రానికి పోయొస్తామ్మా, రెండు దినాలు చూసుకో ఇల్లు" అని బయల్దేరింది. నేను నోరు తెరిచి చూసినా. ఈ ముసలామె ఒక్కతే సముద్రం చూడనీకి పోతాంది, ఎంత ధైర్యం అనుకున్నా. వచ్చేటప్పుడు నాకు గవ్వలు తెమ్మని అడిగినా. ఆమె సరే అని కూడా అనకుండా నా మొఖం చూసి పోయింది. వచ్చేటప్పుడు ఒక సంచి చెనక్కాయలు తెచ్చి నా ముందర కుమ్మరించి, "ఇవే మా ఊరి గవ్వలు" అనింది. మా ఆయన కడుపు పట్టుకుని నవ్వినాడు. ఆ తర్వాత నేనెప్పుడు అలిగినా, గవ్వలు తెచ్చేదా అని అడగడం ఆయనకు అలవాటైపోయింది. నెల్లూరి సముద్రం దగ్గర నిజంగానే గుప్పెడు ఏరి, ఇంటికొచ్చి వాళ్లమ్మకు ఇచ్చినాడు. "ఇంద మా, మీ ఊరివి." ఆమె వాటిని కడిగి దేవుని పటాల ముందర పెట్టింది. ఇప్పటికీ ఆడనే ఉండాయి.

ఆయన పోయింది లారీలోనే. ఫ్యాక్టరీలో లోడు ఎత్తుతాండారు, ఈయన సీట్లో కూర్చుని స్టీరింగు మీద తల పెట్టినాడు. నిద్రపోతాండాడు అనుకున్నారు. లోడు అయిపోయినాంక తట్టి లేపితే లేవలేదు. యాక్సిడెంటు లేదు, రోగం లేదు, ఎవరి మీదా కోపం పెట్టుకోనీకి లేదు. నాకు కోపం ఎక్కువ, అది యాడైనా పెట్టుకోనీకి చోటు ఉంటే బాగుండేది.

నేను ఏడవలేదు. నవ్వే ఆడదాన్ని, ఏడ్చే మగాణ్ణి నమ్మకూడదని సామెత ఉండాది గానీ, ఏడవని ఆడదాన్ని ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. వచ్చినోళ్లు నా మొఖం చూసి మా అత్త మొఖం చూసినారు, ఆమే నయం, ఆమె కనీసం గుండె మీద కొట్టుకునింది. నాకు బాధ లేదని కాదు. బాధ ఉండాల్సిన చోట ఏమీ లేదు. వజ్రాసనంలో కూర్చుంటే కాలు తిమ్మిరెక్కుతాది చూడండి, గిల్లినా తెలియదు, అట్లా మనిషి మొత్తం తిమ్మిరెక్కింది. అన్నం తిన్నాను, నీళ్లు పట్టినాను, దినాలైనాంక మళ్లా వరండాలో చాపలు నేనే పరుచుకున్నాను. క్లాసులో ఎవరైనా కాలు తిమ్మిరెక్కింది మేడం అంటే, కదిలించకు, అదే పోతాది, పోయేటప్పుడు మాత్రం సూదులు గుచ్చినట్టు ఉంటాది, ఓర్చుకో అని ఎప్పటి మాదిరే చెప్పినాను.

అత్త లేని కోడలు ఉత్తమురాలంట, కోడలు లేని అత్త గుణవంతురాలంట. మా ఇద్దరికీ ఆ భాగ్యం లేదు. పిల్లలు కలగలేదు, మధ్యలో ఉన్న ఒక్క మనిషీ పోయినాడు, ఇంక ఆమెకు నేను, నాకు ఆమె. ఒకరినొకరం చూసుకోకుండా ఒకే ఇంట్లో తిరిగినాం. ఆమెకు ఊపిరి ఆడటం లేదని కూడా నేను వెంటనే గమనించలేదు. రెండు మాటలకే ఆగిపోయేది. పండుకుంటే లేచి కూర్చునేది. మంచంలో కూర్చుని నోరు తెరుచుకుని, చిన్నచిన్నగా, ఎవరో లోపల తలుపు వేసినట్టు.

కర్నూలుకు తీసుకుపోయి పెద్దడాక్టరుకు చూపించినా. పరీక్షలన్నీ చేసి, ఊపిరితిత్తుల్లో ఏమీ లేదన్నాడు. ఈమె ఊపిరి సగం తీసుకుంటాంది, సగం వదులుతాంది, దిగులుతో అట్లా అలవాటైపోయింది, ఇట్లే ఉంటే అడుగున నెమ్ము చేరుతాది, ఈ వయసులో నెమ్ము చేరితే మనిషి దక్కదు అన్నాడు. మందు రాయలేదు. నేనేం పని చేస్తానో అడిగి, తెలుసుకుని, మరి నా దగ్గరికెందుకు తెచ్చినావమ్మా అన్నాడు. నాకు భయం వేయాల. ఈమె కూడా పోతే ఆ ఇంట్లో నేను ఎవరికి ఏమౌతాను అని భయం వేయాల. వేయలేదు. భయపడాల్సిన విషయమని తెలిసింది, అంతే.

బస్సులో వచ్చేటప్పుడు మా అత్త కిటికీ దిక్కు చూసుకుంటా, "ఊపిరుంటే ఉప్పమ్ముకొనైనా బతకొచ్చంటారు. ఉండాది గదా కొంచెం, చాల్లే" అనింది. మర్సటి రోజు పొద్దున చేయి పట్టుకుని వరండాకు తీసుకుపోయి, వెనకాల స్తంభం దగ్గర చాప వేసి కూర్చోబెట్టినా.

మొదట్లో కండ్లు మూసుకోను అని మొండికేసింది. ముసలిదాన్ని, మూసుకుంటే తెరుస్తానో లేదో అనింది. నేను గదమాయించినా. మూసుకునింది. కొద్దిదినాలకు ఆమె భుజాలు కిందికి దిగడం చూసినాను. ఛాతీ కాదు, కడుపు కదులుతాండాది. తీసుకునేటప్పుడు నిండుగా తీసుకుని, వదిలేటప్పుడు నిమ్మళంగా వదులుతాండాది. నేను ఎవరికీ అంత తొందరగా నేర్పించలేదు. ఇంట్లో పండుకుంటే నిద్ర పట్టేది. పొద్దున నాకంటే ముందు లేచి, తలకు నీళ్లు చల్లుకుని దువ్వుకుని, "పోదాం పామ్మే, టైమవుతాంది" అని తొందరపెట్టేది. యాడికో చుట్టాలింటికి పోయే మనిషి మాదిరి తయారయ్యేది. నా పాఠం పనిచేస్తాండాది అనుకున్నాను. గొప్పగా అనిపించాల్సింది, అది కూడా అనిపించలేదు.

పాఠం చెప్పేదాన్ని నేనే గానీ, నా సముద్రంలో ఏమీ లేదు. మునుపు సముద్రం అనగానే ప్యాంటు మడిచిన మనిషి నీళ్లలో నిలబడి కనపడేవాడు, నవ్వొచ్చేది, గొంతులో ఆ నవ్వుతోనే చెప్పేదాన్ని. ఇప్పుడు ఆపేసిన టీవీ మాదిరి, నలుపు. టీచరు కండ్లు తెరుచుకునే ఉండాల, ఎవరు కునుకు తీస్తాండారో, ఎవరి మెడ వాలిందో చూసుకోవాల, కాబట్టి కనపడకపోయినా పని జరిగిపోయేది. బస్సు కండక్టరు ఊర్ల పేర్లు పిలిచినట్టు పిలిచేదాన్ని. అల వస్తాంది. అల పోతాంది.

ఒకరోజు ఫ్యాక్టరీ ఆడోళ్లలో ఒకామె, మేడం, సముద్రం నీళ్లు ఉప్పగా ఉంటాయంట గదా, మా బోరు నీళ్లు కూడా ఉప్పే, దాన్నే తలుచుకునేదా అని అడిగింది. అందరూ నవ్వినారు. నాకు నవ్వు రాలేదు, ఒళ్లు మండింది, మండిందని సంతోషం కూడా వేసింది, ఏదో ఒకటి తెలిసింది గదా అని. అప్పుడే రైల్వే పెద్దాయన గోడకు ఆనుకుని, అమ్మా, మనం చూడని సముద్రం ఎందుకు, మన స్టేషనుంది, రైలు వస్తాది పోతాది, దాన్ని చెప్పొచ్చు గదా అన్నాడు. నాకు అదే సబబు అనిపించింది. కనపడని దాన్ని రోజూ పిలిచే పని తప్పుతాది అనుకున్నా.

మర్సటి రోజు నుంచి రైలు. రైలు వస్తాంది, తీసుకోండి. రైలు పోతాంది, వదలండి. జనాలకు శానా నచ్చింది. ఆడోళ్లు నవ్వుకుంటా చేసినారు, పెద్దాయన అయితే పచ్చజెండా ఊపేటోని మాదిరి చేయి కూడా ఎత్తినాడు. వెనకాల స్తంభం దగ్గర మా అత్త మాత్రం కండ్లు తెరుచుకుని నన్నే చూస్తా కూర్చునింది. ఆ వారం అట్లే కూర్చునింది. తర్వాత మోకాలు నొప్పి అని మానేసింది.

మోకాలుకు నూనె రాసినా. మోకాలు బాగానే ఉండాది, మళ్లా ఊపిరే చెడిపోయింది. రెండు మాటలకు ఆగడం, పండుకుని లేచి కూర్చోవడం, మొదటికొచ్చింది. జ్వరం తగిలింది. వీపు మీద చెవి పెడితే లోపల గురగుర. నెమ్ము అనే మాట డాక్టరు అన్నది నా చెవిలోనే ఉండాది. ఆమెను లేపి కూర్చోబెట్టి, అత్తా, క్లాసులో తీసుకున్నట్టు తీసుకో అని ఇంట్లోనే చెప్పినా. రైలు వస్తాంది, తీసుకో అన్నా. ఆమె పెదవులు బిగబట్టి తల అడ్డంగా ఊపింది. ఇంక నాకు పట్టలేదు. చావాలని ఉంటే చెప్పు, నేను అన్నం వండేది కూడా మానేస్తా, నీ కొడుకు పోయినాడు, నువ్వూ పో, నన్ను ఈ బండల మధ్య ఒంటరిగా పెట్టి ఇద్దరూ పొండి అని నోటికొచ్చినట్టు అరిచినా.

ఆమె అరవలేదు. ఊపిరి కూడదీసుకుని, ఆగి ఆగి చెప్పింది.

"రైలెక్కి నేను యాడికి పోవల్లమ్మే? నువ్వు సముద్రం అంటే మా ఊరికి పోతాంటి. వాడు ఆడ ఉంటాడు."

నేను మంచం పట్టె మీద కూర్చున్నా.

మా ఆయన పుట్టింది ఆమె పుట్టింట్లోనే, బడికి పోయే వయసు దాకా పెరిగింది ఆడనే. అది నాకు తెలుసు. ఆ ఊరి పేరు తెలుసు, గవ్వలు తెలుసు, దేవుని పటాల ముందర రోజూ చూస్తాండా. ఇన్నాళ్లూ ఆ మాట రోజూ పొద్దున నా నోటితోనే పలికి, ఆమెకు అది ఏ సముద్రమో నాకు తట్టలేదు.

ఆడ నీళ్లే లేవు గదత్తా, అల ఎట్లా వస్తాది అని అడిగినా. ఏం అడగాలో తెలియక అడిగినా.

"అల ఎందుకు? వాడే వస్తాడు. నేను ఎండిన చెరువులో కంప కొట్టుకుంటా ఉంటా, వాడు కట్టమింద ఉంటాడు. నువ్వు వస్తాంది అంటే నా కాడికి ఉరుక్కుంటా వస్తాడు. పోతాంది అంటే మళ్లా కట్టకాడికి పోతాడు. వాడు వచ్చేటప్పుడు ఊపిరి తీసుకుంటాంటి, పోయేటప్పుడు ఇడుస్తాంటి." దుప్పటి మోకాళ్ల మీదికి లాక్కునింది. "నువ్వొచ్చి దావ మూసేస్తివి."

నేను క్షమించమని అడగలేదు, మా ఇంట్లో ఆ మాట వాడుకలో లేదు. నీళ్లు వెచ్చబెట్టి ఇచ్చినా. ఆమె తాగినాంక వీపు వెనక దిండు పెట్టి, కండ్లు మూసుకో అత్తా అన్నా. సముద్రానికి పో అన్నా. ఆమె ఒక నిమిషం నన్ను అనుమానంగా చూసి మూసుకునింది. వస్తాంది అన్నా. పోతాంది అన్నా. కడుపు కదిలింది. ఆ ఊపిరి యాడ మొదలై యాడ ఆగుతాందో ఇప్పుడు నాకు తెలుసు కాబట్టి, తొందర పెట్టకుండా, ఆ పిల్లోడు కట్ట నుంచి వచ్చేంత సేపు ఆగి ఆగి చెప్పినా. ఊర్లో డాక్టరిచ్చిన మాత్రలు వేస్తా, జ్వరం దిగే దాకా ఇంట్లో రోజూ అదే పని. కర్నూలు డాక్టరు మళ్లా వీపు మీద గొట్టం పెట్టి చూసి, ఫర్వాలేదు, గండం గడిచినట్టే, కానీ ఇది మాన్పించొద్దు అన్నాడు.

ఆమె నడవగలిగిన రోజు ఇద్దరం వరండాకు పోయినాం. ఆమె తల దువ్వుకునింది. స్తంభం దగ్గర చాప వేసినా. కండ్లు మూసుకోండి, ఈరోజు సముద్రానికి పోదాం అన్నాను. రైల్వే పెద్దాయన ఒక కన్ను తెరిచి, రైలు రద్దయిందా అమ్మా అని అడిగినాడు. రద్దయింది అన్నాను. ఫ్యాక్టరీ ఆడోళ్లు ముసిముసిగా నవ్వి సర్దుకున్నారు.

ఎందుకో ఆరోజు నేను కూడా కండ్లు మూసుకున్నాను. నెల్లూరి సముద్రం వస్తాదేమో అనుకున్నా. రాలేదు. నెర్రెలిచ్చిన చెరువు కనపడింది, అంచున తుమ్మచెట్లు. కట్టమీద చొక్కా లేని పిల్లోడు. ఆ వయసులో ఆయన్ని నేను చూసింది లేదు. కానీ ఎడమ భుజం కొంచెం కిందికేసి నడిచే ఆ నడక, లారీ దిగి ఇంట్లోకి వచ్చే నడక, అది నాకు తెలుసు.

"వస్తాంది, తీసుకోండి" అన్నా.

వచ్చినాడు. నా ఊపిరి గొంతు దాకా నిండింది. ఇంక పోతాంది అనాల. ఆ మాట రాలేదు. అంటే పోతాడు. అరికాళ్ల నుంచి సూదులు గుచ్చుకుంటా పైకి వస్తాండాయి, ఛాతీలో, చేతుల్లో, మొఖంలో. వరండాలో అందరూ ఊపిరి బిగబట్టి కూర్చునుండారు, నేను వదలమనే దాకా వదలకూడదని తిట్టి నేర్పించింది నేనే. ఎవరో దగ్గు ఆపుకుంటాండారు. గాజులు కదిలినాయి. నాకు తెలుస్తాండాది, అయినా నోరు రాలేదు.

వెనకాల స్తంభం దగ్గర నుంచి మా అత్త గొంతు వినపడింది. గొంతు ఎత్తలేదు, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది.

"పోనీమ్మా. మళ్లా వస్తాడు."

అలకు ఎవరూ వస్తాడు అనరు. ఆ మాటను ఎవరూ పట్టించుకోలేదు, ఎప్పుడెప్పుడా అని చూస్తాండారు పాపం, వరండా మొత్తం ఒక్కసారిగా ఊపిరి వదిలింది. నేనూ వదిలినాను. నాకు ఏడుపొచ్చింది.